దేవుని పోలిక, ఊరి చూపు: కృష్ణా డెల్టా క్రైస్తవంలో అందం

క్రైస్తవ విశ్వాసంలో మనిషి తన్ను తాను అందమైన సృష్టిగా చూసుకోవచ్చనే భావానికి ఆధారం ఆదికాండం మొదటి అధ్యాయం. దేవుడు స్త్రీనీ పురుషుణ్ణీ తన స్వరూపంలో చేశాడనీ, చేసినదంతా చూసి చాలా మంచిదిగా ఎంచాడనీ ఆ అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన అందం ఎవరి మెప్పు మీదా ఆధారపడదు, పుట్టుకతోనే వచ్చే పోలిక అది. అయితే ఈ మాట విన్నవాళ్ళు బతికేది కులం, రంగు, కట్నం, పెళ్ళిచూపులు ఉన్న ఊళ్ళలో. కృష్ణానది సముద్రంలో కలిసేముందు పడమటి ఒడ్డున ఉన్న పెనుమూడి, దానికి దగ్గరి పట్టణం రేపల్లె, కొంత దూరంలో తెనాలి, బాపట్ల ఈ భావానికి దాదాపు 180 ఏళ్ళుగా పరీక్షాస్థలాలు. ఇక్కడ ఈ ప్రశ్న ఒక మనిషికీ అద్దానికీ మధ్య మొదలు కాలేదు. ఊరికీ, ఊరవతలి వాడకూ మధ్య మొదలైంది.

గ్రంథంలోని రెండు పాయలు

బైబిల్లో అందం గురించిన మాటలు రెండు పాయలుగా నడుస్తాయి. మొదటిది దేహాన్ని మెచ్చుకునే పాయ. 139వ కీర్తన తల్లి గర్భంలోనే దేవుడు మనిషిని అల్లాడని చెబుతుంది. తనను పుట్టించిన తీరుకు కీర్తనకారుడు ఆశ్చర్యపడి కృతజ్ఞత చెబుతాడు. పరమగీతం ఆరంభంలో ద్రాక్షతోటల్లో ఎండన పడి పనిచేసి నల్లబడిన అమ్మాయి తాను అందగత్తెనని యెరూషలేము స్త్రీల ముందు తానే చెప్పుకుంటుంది. నాట్ల కాలంలో రోజంతా వంగి పనిచేసే డెల్టా కూలి స్త్రీలకు ఈ అమ్మాయి సంగతి ఒకరు విప్పి చెప్పాల్సిన పని లేదు.

రెండోది హెచ్చరించే పాయ. సామెతల గ్రంథం చివరి అధ్యాయం సౌందర్యం నిలవదంటుంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం జడలు, బంగారం, బట్టల కంటే లోపలి సాధుస్వభావానికి విలువ ఎక్కువంటుంది. యెషయా 53వ అధ్యాయంలోని బాధపడే సేవకుడికి చూపు నిలిపే సొగసేమీ లేదు. సంఘం ఆ సేవకుణ్ణి క్రీస్తుగా చదివింది.

ఈ రెండు పాయలూ సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయంలో కలుస్తాయి. దావీదు అన్న ఏలీయాబు ఎత్తు చూసి ముచ్చటపడిన ప్రవక్త సమూయేలుకు, మనుషులు పైరూపం చూస్తారనీ దేవుడు హృదయం చూస్తాడనీ చెప్పిన అధ్యాయమే, కొద్ది వచనాల తర్వాత దావీదు చూడముచ్చటగా ఉన్నాడంటుంది. గ్రంథానికి అందం మీద కోపం లేదు. అందాన్ని కొలబద్ద చేసి మనుషులను ఎంచడం మీదే దాని అభ్యంతరం.

వేదాంతుల ఆలోచన

నాలుగో, ఐదో శతాబ్దాల్లో జీవించిన అగస్టీన్ (354–430) దేవుణ్ణే సౌందర్యంగా భావించాడు. సృష్టిలో కనిపించే అందమంతా ఆ మూలం నుంచి వచ్చిందే అన్నాడు. ఆయనకు కాస్త ముందువాడైన నిస్సా గ్రెగొరీ మనిషిలోని దైవస్వరూపాన్ని మసకబారిన అద్దంతో పోల్చాడు. మురికి తుడిస్తే మొదటి రూపం మళ్ళీ కనిపిస్తుందన్నది ఆయన భావం.

కృష్ణా డెల్టాకు ఎక్కువ సంబంధం ఉన్నది మాత్రం మార్టిన్ లూథర్ ఆలోచన. 1518లో హైడెల్‌బర్గ్ వాదప్రతిపాదనల చివర ఆయన మనిషి ప్రేమకూ దేవుని ప్రేమకూ తేడా చూపాడు. మనిషి తనకు నచ్చినదాన్ని వెతుక్కుని ప్రేమిస్తాడు. దేవుని ప్రేమ నచ్చేదాన్ని వెతకదు, తాను ప్రేమించినదాన్ని నచ్చేలా చేస్తుంది. పాపులు ప్రేమ పొందారు కాబట్టి అందంగా ఉన్నారు, అందంగా ఉన్నందుకు ప్రేమ పొందలేదు. అందం ముందు, ఆదరణ తర్వాత అనే లోకరీతిని ఇది తలకిందులు చేస్తుంది. గుంటూరు ప్రాంతానికి వచ్చిన మొదటి ప్రొటెస్టంట్ మిషన్ లూథరన్లదే కావడంతో, పుస్తకం పట్టని జనానికి కూడా ఈ ఆలోచన ప్రసంగాల దారిన అందింది.

వాడకు వచ్చిన మాట

అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ సి.ఎఫ్. హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ పని పల్నాడుకూ, తర్వాత డెల్టాలోని తెనాలి, రేపల్లె వైపుకూ విస్తరించి, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా రూపు కట్టింది. ఒంగోలు, బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే ఒంగోలు దగ్గరి వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వచ్చినవాళ్ళలో అత్యధికులు మాదిగలు. డెల్టా లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ.

అంతవరకూ ఈ జనం ఊరి కంటికి ఎలా కనిపించేవారన్నది ఆనాటి ఆచారాలే చెబుతాయి. పెద్ద వీధిలో చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. పంచె మోకాలు దాటకూడదు. ఎదురుపడితే పక్కకు తప్పుకోవాలి. చూస్తేనే మైల అన్న చోట అందం అనే మాటకు తావు లేదు. సంఘం తెచ్చిన మార్పు ముందు కనిపించింది మామూలు విషయాల్లోనే: ఆదివారానికి ఉతికిన బట్ట, కూర్చోవడానికి చాప, పలక మీద అక్షరం, పిలవడానికి మంచి పేరు. పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లు దిష్టి తగలకుండా పెట్టుకునే అలవాటు అన్ని కులాల్లోనూ ఉండేది. అయితే వాడలో ఆ పేర్లు కూడా సగం కోసుకుపోయి ‘ఒరే’, ‘ఒసే’ అనే పిలుపులో కలిసిపోయేవి. వాటి చోట కరుణ, శాంతమ్మ, సువార్త, దానియేలు, యేసురత్నం వచ్చాయి. సండేస్కూలు పిల్లలు కంఠత వాక్యం లేచి నిలబడి చెప్పడం, పదిమంది కళ్ళూ తమ మీద ఉండగా తలెత్తి మాట్లాడటంలో వాడకు దొరికిన మొదటి సాధన.

ఈ మార్పులో చిక్కు కూడా ఉంది. సబ్బు, రవిక, దువ్విన తల విశ్వాసానికి గుర్తులుగా మారడంతో, అవి లేనివాళ్ళు మిషనరీ కంటికి మురికివాళ్ళయ్యారు. దేవుని స్వరూపం అందరిలో ఉందన్న బోధ ఒకపక్క, శుభ్రపడితేనే మనిషివన్న ధోరణి మరోపక్క నడిచాయి. బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురంలో ఈ వైరుధ్యం బాగా బయటపడింది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ‘పుట్టు నేరస్తులు’గా ముద్రపడ్డ ఎరుకల కుటుంబాల కోసం 1910ల్లో ప్రభుత్వం అక్కడ సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆదివారం దేవుని పిల్లలని చెప్పించుకున్నవాళ్ళే తక్కిన రోజుల్లో హాజరు పిలుపుకు నిలబడాల్సి వచ్చింది. బోధించే చెయ్యీ కాపలా కాసే చెయ్యీ ఒకటే. 1952లో ఆ ముద్రను చట్టం తొలగించింది. ఊరి పేరు విని ముఖం అనుమానంగా చూసే అలవాటు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పోలేదు.

తలెత్తుకున్నందుకు శిక్ష

ఆత్మగౌరవం లోపల ఉన్నంతకాలం ఎవరికీ అడ్డు కాదు. నడకలో, బట్టలో, మాటలో కనబడినప్పుడే గొడవ. 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన దాడికి ముందు రగిలినది చెరువు నీటి దగ్గర తగవు. గేదెల కుడితి బకెట్లు కడిగిన నీళ్ళు తాము తాగే చెరువులో కలపొద్దని అడిగినవాళ్ళకు అండగా ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన ఘటనకు ముందు సినిమాహాలులో కాలు తగిలిందన్న తగాదా ఉంది. చదువుకున్న కుర్రవాడు హాల్లో అందరితో సమానంగా కూర్చోవడం పెత్తందారీ కంటికి నచ్చలేదు. ఈ రెండు ఊళ్ళ దళిత వాడల్లోనూ క్రైస్తవం వేళ్ళూనుకుని ఉంది. తన్ను తాను విలువైనవాడిగా చూసుకోవడం ఈ ప్రాంతంలో మనసుకు సంబంధించిన సౌఖ్యం మాత్రమే కాదనీ, దానికి ప్రాణం మూల్యంగా చెల్లించినవాళ్ళున్నారనీ ఈ రెండు తేదీలు చెబుతాయి.

1980ల తొలినాళ్ళలో అరవింద్ పి. నిర్మల్ ఆరంభించిన దళిత వేదాంతం యెషయాలోని సొగసులేని సేవకుణ్ణి దళితుడిగా చదివింది. జనం ముఖం తిప్పుకునేవాడిలోనే దేవుడు కనిపించాడంటే, ముఖం తిప్పుకున్నవాళ్ళ చూపే తప్పన్నది దాని సారం. తెలుగులో అంతకు ముందే గుర్రం జాషువా (1895–1971) ఆ పని కవిత్వంలో చేశాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఎవరూ శుభంగా చూడని ప్రాణిని దూతగా ఎంచుకున్నాడు. మేఘాన్నీ హంసనూ రాయబారం పంపిన కావ్యలోకంలో ఆ ఎంపికే ఒక వాదన. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

దేహం, రోగం, స్పర్శ

దేహం చెడిన మనిషి తనను అందమైన సృష్టిగా ఎలా చూసుకోవాలన్నది ఈ భావానికి అన్నిటికంటే కఠినమైన ప్రశ్న. కుష్ఠు దానికి పెద్ద ఉదాహరణ. ఈ రోగక్రిమి చల్లగా ఉండే భాగాలను ఎంచుకుంటుంది: ముక్కు, చెవులు, కనుబొమలు, చర్మానికి దగ్గరగా ఉండే నరాలు. చికిత్స అందకపోతే ముక్కు దూలం కూలుతుంది, కనుబొమల వెంట్రుకలు రాలతాయి, వేళ్ళు ముడుచుకుంటాయి. మనిషిని మనిషిగా గుర్తుపట్టే ఆనవాళ్ళే పోతాయి. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి ఇవాంజెలీన్ బూత్ కుష్ఠు ఆసుపత్రి ఇటువంటివారికి దశాబ్దాలపాటు ఆశ్రయమిచ్చింది.

ఈ రోగులకు ముఖం తిరిగి ఇచ్చే శస్త్రచికిత్స ఎదిగింది వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో. మిషనరీల కొడుకుగా తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ (1914–2003) 1940ల చివరి నుంచి ముడుచుకున్న చేతికి స్నాయువులు మార్చి కట్టడం, కూలిన ముక్కును లోపలినుంచి నిలబెట్టడం, నెత్తిచర్మంతో కనుబొమలు పెట్టడం చేశాడు. వేళ్ళు రాలడానికి కారణం మాంసం కుళ్ళడం కాదనీ, నొప్పి తెలియక కాలిన, కోసుకున్న గాయాలు ముదరడమనీ తేల్చిచెప్పాడు. 1980లో ఫిలిప్ యాన్సీతో కలిసి రాసిన పుస్తకానికి ఆయన 139వ కీర్తనలోని మాటలనే పేరుగా పెట్టాడు. కీర్తన చెప్పినదాన్ని కోల్పోయిన రోగుల కోసం కత్తీ సూదీ పట్టినవాడు ఆ పేరు పెట్టడంలో బరువుంది. రోగికి నువ్వు అందంగా ఉన్నావని చెప్పి ఊరుకోవడం బ్రాండ్‌కు సరిపోలేదు.

గుంటూరులో అంతకు ముందే డాక్టర్ అన్నా సారా కుగ్లర్ (1856–1930) అదే మార్గంలో నడిచింది. 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచింది. పురుషవైద్యుడి ముందుకు రాలేని స్త్రీల దేహాలకు వైద్యం అందాలన్నది ఆమె పట్టు. స్త్రీ దేహం సిగ్గుపడి దాచుకునేది కాదు, కాపాడుకోవలసినది అన్న బోధ ఆ వార్డుల్లోనే చేతల రూపం తీసుకుంది.

సమాజం చూపే కాదు, చట్టం మారడానికీ చాలాకాలం పట్టింది. బహుళ ఔషధ చికిత్స 1980ల్లో వచ్చి కుష్ఠును పూర్తిగా నయం చేయగలిగినా, క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో ఆ రోగం విడాకులకు కారణంగా 2019 వరకూ ఉంది. ఆ ఏడాది సవరణతో ఇతర వ్యక్తిగత చట్టాలతో పాటు అందులోనుంచీ తొలగించారు.

బొట్టు, బంగారం, తెల్లచీర

అలంకారం మీద డెల్టా సంఘాలది ఒకే మాట కాదు. కతోలికులు పూలనూ పట్టుచీరనూ కాదనరు. లూథరన్, బాప్టిస్టు ఇళ్ళలో సిలువ గుర్తున్న మంగళసూత్రం, చేతికి గాజులు మామూలే. బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లోనూ, బక్త్‌సింగ్ (1903–2000) హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పెంచిన సహవాసాల్లోనూ తీరు వేరు. అక్కడ స్త్రీలు బాప్తిస్మానికి ముందే నగలు తీసేస్తారు. ఆరాధనకు తెల్లచీర కట్టుకుని కొంగు తలమీద వేసుకుంటారు. ముంచి బాప్తిస్మం ఇచ్చే రోజున కాలవగట్టుకో కృష్ణ రేవుకో తెల్లబట్టల్లో నడిచే వరుసలో ఎవరు ఎకరాలున్నవారో, ఎవరు కూలికి పోయేవారో పోల్చుకోవడం కష్టం.

ఈ నియమం సమర్థకులు చెప్పేది రెండు మాటలు. మెడలోని బంగారం బరువుతో మనిషి బరువు తూచడం ఆగుతుందన్నది మొదటిది. రెండోది పైకి కనిపించని లాభం. తెలుగు సమాజంలో భర్త పోయిన స్త్రీ నుంచి బొట్టు, గాజులు, పూలు తీసేసి ఆమెను వేరుగా నిలబెడతారు. ఎవరూ అవి పెట్టుకోని సంఘంలో ఆమె అందరి మధ్యా ఒకతె. ముత్తైదువకూ వితంతువుకూ మధ్య గీత అక్కడ చెరిగిపోతుంది.

అభ్యంతరాలూ బలమైనవే. నియమం దాదాపు అంతా స్త్రీల మీదే పడుతుంది. పురుషుడి గడియారం, ఉంగరం, ఇస్త్రీ చొక్కా ఎవరి లెక్కలోకీ రావు. పేతురు పత్రిక లోపలి అందం వైపు చూడమని చెబితే, గాజు ఉందా లేదా అని పైకే చూసే అలవాటు పెరుగుతుంది. బంగారం మెడలో లేకపోయినా పెళ్ళి మాటల్లో కట్నంగా కనిపిస్తూనే ఉంటుంది. పైగా బొట్టుకు ప్రభుత్వ కాగితాలతోనూ ముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ–సి కిందికి వస్తారు. అందువల్ల బళ్ళో ఒక పేరు, సంఘంలో ఒక పేరు, ఆఫీసుకు బొట్టు, ఆదివారం ఖాళీ నుదురుతో నడిచే కుటుంబాలున్నాయి. తమ ముఖాన్ని తామున్నట్టుగా చూపుకోవడం వీళ్ళకు కలిసిరాని పని.

రంగు

బైబిల్లోని నల్లటి అమ్మాయి మీద ప్రసంగం విన్న ఇంట్లోనే పెళ్ళిచూపుల రోజున పిల్ల చామనచాయ అని గొంతు తగ్గించి చెబుతారు. సంఘాల పెళ్ళి సంబంధాల్లో కూడా కులం, రంగు, ఉద్యోగం అన్నవి ‘ఆత్మీయురాలు’ అన్న మాటతో కలిసే నడుస్తాయి. ఆంధ్రా పారిస్ అని పేరు పడ్డ తెనాలి నాటకాలకూ సినిమాలకూ ఎందరో నటులనిచ్చిన ఊరు. ఈ ప్రాంతంలో అందానికి కొలత పెట్టడంలో ప్రసంగ వేదిక కంటే వెండితెరకు ఎక్కువ పాత్ర ఉంది. పెనుమూడికి నది అవతల ఉన్న చల్లపల్లి రాజా అండతో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938) దళిత యువతిని కథానాయికగా నిలబెట్టింది. ఆ పాత్ర వేసింది నాటి అందాల తార కాంచనమాల. వాడ పిల్ల అందంగా ఉంటుందని ప్రేక్షకులు ఒప్పుకోవడానికి అప్పటికే అందగత్తెగా పేరుపడ్డ ముఖం కావలసివచ్చింది.

1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము దశాబ్దాలపాటు ఉద్యోగమూ వరుడూ రంగును బట్టి వస్తారని ప్రకటనల్లో చెప్పి, 2020లో పేరులోని ‘ఫెయిర్’ను ‘గ్లో’గా మార్చుకుంది. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ నడిపే ‘విమెన్ ఆఫ్ వర్త్’ 2009లో ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ప్రచారం మొదలుపెట్టింది. నటి నందితా దాస్ 2013లో అందులో చేరింది. ప్రకటనల్లో నల్లని వాళ్ళను చిన్నబుచ్చరాదని ప్రకటనల స్వీయనియంత్రణ మండలి 2014లో మార్గదర్శకాలిచ్చింది. అంతకు ముందు ఏడాదే విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయినప్పుడు, ఈ రంగుతో ఇండియాలో ఆమెను ఎంచేవారు కాదన్న చర్చ జోరుగా సాగింది.

క్రీస్తు ముఖం

విశ్వాసి తన ముఖాన్ని చూసుకునే తీరును క్రీస్తు ముఖాన్ని గీసే తీరు కూడా దిద్దుతుంది. 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్మన్ గీసిన తెల్లని, జుట్టు వంపులు తిరిగిన క్రీస్తు క్యాలెండర్ల మీద లోకమంతా తిరిగాడు. తెలుగు ఇళ్ళ గోడలమీద వేలాడే క్యాలెండర్లు కూడా ఆ పోలికవే. దేవుని స్వరూపంలో ఉన్నానని నమ్మే నల్లని పిల్లకు ఎదురుగా గోడమీద తెల్లని దేవుడుంటే ఆ పోలిక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

దీనికి తెలుగు గడ్డ మీద రెండు జవాబులు వచ్చాయి. 1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన ‘కరుణామయుడు’లో విజయచందర్ యేసుగా నటించాడు. పల్లెల్లో తెరలు కట్టి వేసిన ఆ సినిమాతో తెలుగు మాట్లాడే, తెలుగు కళ్ళున్న యేసు జనానికి దగ్గరయ్యాడు. మరోపక్క లూథరన్ పాదిరి, చిత్రకారుడు పులిదిండి సాల్మన్ రాజు (1921–2019) విజయవాడలో ఉంటూ బాతిక్ బట్టల మీద, చెక్కదిమ్మల మీద బైబిలు ఘట్టాలు చేశాడు. కూలీలు, శరణార్థులు, చెట్టు కింద కూర్చున్న పేదలు ఆయన బొమ్మల్లో యేసుకు చుట్టాలు. ముదురు మైనపు గీతల మధ్య ఆ ముఖాలు నేలరంగులో కనిపిస్తాయి.

పరిశోధన చెప్పేది

విశ్వాసం నిజంగా మనిషికి తన దేహం పట్ల తృప్తినిస్తుందా అన్నదానిపై మనస్తత్వ పరిశోధన కొంత జరిగింది. 2005లో ఆనెట్ మహోనీ, సహచరులు అమెరికా కాలేజీ విద్యార్థులపై చేసిన అధ్యయనంలో దేహాన్ని పవిత్రంగా భావించేవారిలో దేహంపట్ల తృప్తి, ఆరోగ్య జాగ్రత్తలు ఎక్కువగా కనిపించాయి. 2007లో క్రిస్ బోయాట్జిస్ బృందం ఒక ప్రయోగం చేసింది. యువతుల్లో కొందరితో దేవుడు తమ దేహాన్ని ప్రేమిస్తాడనే వాక్యాలు, కొందరితో దైవప్రసక్తి లేని మెచ్చుకోలు వాక్యాలు, తక్కినవారితో సంబంధంలేని మాటలు చదివించి, ఆ తర్వాత సన్నని మోడళ్ళ ఫొటోలు చూపించారు. దైవవాక్యాలు చదివినవారే తమ దేహం గురించి మెరుగ్గా భావించారు. ఇవి అమెరికా విద్యార్థుల మీద జరిగినవి. రెండో అధ్యయనం చూపింది అప్పటికప్పుడు కలిగిన ఫలితాన్ని. వాక్యం చదివిన గది నుంచి పెళ్ళిచూపుల గదికి వెళ్ళాక ఏమవుతుందో అవి చెప్పవు.

ఈ భావానికి లోపలి ప్రమాదాలు కూడా ఉన్నాయి. స్వస్థత, సంపద ప్రసంగాల్లో అందమూ ఆరోగ్యమూ ఆశీర్వాదానికి రుజువులైతే, బొల్లి వచ్చినవాళ్ళూ అవిటివాళ్ళూ విశ్వాసం చాలనివాళ్ళుగా మిగులుతారు. పుట్టుగుడ్డివాడి విషయంలో ఎవరు పాపం చేశారన్న ప్రశ్నను యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో యేసే తోసిపుచ్చాడు. లోపలి అందమే చాలన్న మాటను పైకి కనిపించే అవమానాన్ని ఓర్చుకొమ్మనడానికి వాడటం మరో ప్రమాదం.

కృష్ణా డెల్టా అనుభవాన్ని మొత్తంగా తీసుకుంటే, దేవుడు తనను అందంగా చూస్తాడన్న నమ్మకం బలపడినది ఆ చూపును సంఘం అరువు తెచ్చుకుని చేతల్లో పెట్టినచోట: మంచి పేరుతో పిలిచినప్పుడు, కుష్ఠురోగి చెయ్యి పట్టుకున్నప్పుడు, వితంతువును వేరు చేయనప్పుడు. కట్నం బేరంలో, రంగు ఎంపికలో, కులం చూసి కుదిర్చే సంబంధంలో ఊరి కొలబద్దనే సంఘం కూడా వాడినచోట, అదే నమ్మకం ఆదివారం ప్రసంగం దాటి బయటకు రాలేదు. ప్రేమించినదాన్ని అందంగా చేసేదే దేవుని ప్రేమ అన్న లూథర్ మాటను ఇక్కడి సంఘాలు వాడలో, వార్డులో నిలబెట్టుకున్నాయి. పెళ్ళి పందిట్లో అది ఇంకా నిలబడవలసి ఉంది.